అంచు మీద పేరు చెరగకముందే

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని చుట్టుపక్కల వారు ఉత్త మాధవరం అనరు. మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా ఆ దారి మూతపడలేదు. ఊళ్ళో యుద్ధ స్మారకం ఉంది. ఊరికి ఊరు అలాంటి పేరు తెచ్చుకున్నది అరుదే కావచ్చు. కాని ఒకటి రెండు ఇళ్ళకైనా ఆ పేరు వచ్చిన గ్రామాలు జిల్లాలో చాలా ఉన్నాయి. "మిలటరీ వారి ఇల్లు", "సుబేదారు గారి ఇల్లు" అని అడిగితే ఈనాటికీ దారి చూపిస్తారు.

ఆ ఇళ్ళలో అటక మీదనో, మంచం కిందనో ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో రంగు వెలిసిన రిబ్బన్లతో నాలుగైదు పతకాలు, పసుపుపచ్చగా మారిన డిశ్చార్జి కాగితాలు, యూనిఫారంలో నిలబడిన మనిషి ఫోటో, ఒక ఇత్తడి బొత్తామో, బెల్టు బిళ్ళో, సొట్టలు పడిన భోజనం డబ్బానో ఉంటాయి. ఎవరివని అడిగితే "మా తాతవి" అంటారు. ఏ యుద్ధానివంటే "బర్మా వెళ్ళాడట" అనో, "బస్రా వెళ్ళాడట" అనో అంటారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పగల వాళ్ళు కొద్దిమందే.

ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. 1942లో ఇరవై ఏళ్ళ వయసున పటాలంలో చేరిన మనిషి ఇవాళ ఉంటే నూరేళ్ళు దాటి ఉంటాయి. ఆయన కొడుకులు, కోడళ్ళు కూడా వృద్ధులై పోయారు. చూసినవాడు పోయాడు, అతని నోట విన్నవాళ్ళు పోతున్నారు. ఇక మిగిలేవి పెట్టెలోని వస్తువులే. అవి కూడా మాట్లాడతాయి. చదవడం తెలిసి ఉండాలి, అంతే.

పతకం చెప్పే సంగతులు

మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 13 లక్షల మంది భారతీయులు దేశం వెలుపల సేవ చేశారు. 74,000 మందికి పైగా తిరిగి రాలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యం 25 లక్షలకు పెరిగింది. చనిపోయినవారు 87,000 మంది. 1914లో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఆ 11 రూపాయల కోసం, అప్పు తీరుతుందన్న ఆశతో, చేను నిలబెట్టుకోవాలన్న పట్టుదలతో, సముద్రమంటే ఏమిటో చూడని మనుషులు ఓడలెక్కి పోయారు.

మొదటి యుద్ధంలో పనిచేసిన వారికి ముఖ్యంగా మూడు రకాల పతకాలు వచ్చాయి. 1914, 15 సంవత్సరాల్లోనే రణరంగానికి వెళ్ళినవారికి నాలుగు కొమ్ముల కంచు నక్షత్రం. దాని మీద అడ్డంగా రెండు కత్తులుంటాయి. రెండవది అయిదవ జార్జి చక్రవర్తి తల ఉన్న వెండి పతకం. వెనుక గుర్రం మీద మనిషి బొమ్మ, 1914, 1918 అంకెలు ఉంటాయి. మూడవది రెక్కలున్న దేవత బొమ్మతో, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనుతో వచ్చే విజయ పతకం. ఇంట్లో ఇంద్రధనుస్సు రిబ్బను కనిపిస్తే అది జర్మనీ యుద్ధం నాటిదని వెంటనే చెప్పవచ్చు.

రెండవ యుద్ధం నక్షత్రాలకు ఆరు కొమ్ములు. ఏ రంగంలో పోరాడితే ఆ పేరు నక్షత్రం మీదే ఉంటుంది. ఆఫ్రికా నక్షత్రం రిబ్బను ఎడారి ఇసుక రంగులో ఉంటుంది. బర్మా నక్షత్రం రిబ్బనుకు నడుమ వెడల్పుగా ఎరుపు, ఇరు పక్కలా నీలం, నారింజ రంగులు. ఇటలీకి వెళ్ళినవారికి ఇటలీ నక్షత్రం. పోరుకు పోకుండా దేశంలోనే మూడేళ్ళు సైనిక సేవ చేసిన వారికి భారత సేవా పతకం ఇచ్చారు. దాని వెనుక భారతదేశ పటం ఉంటుంది. కనుక "మా తాత బర్మా వెళ్ళాడట" అన్న మాట నిజమో కాదో తేల్చడానికి పెట్టె తెరిస్తే చాలు.

స్వాతంత్ర్యం తర్వాతి పతకాలను గుర్తుపట్టడం ఇంకా తేలిక. 1965 పాకిస్తాన్ యుద్ధానికి సమర సేవా నక్షత్రం, రక్షా పతకం ఉన్నాయి. 1971 యుద్ధంలో తూర్పున పోరాడినవారికి పూర్వీ నక్షత్రం, పడమట పోరాడినవారికి పశ్చిమీ నక్షత్రం వచ్చాయి. ఆ ఏడు సేవలో ఉన్నవారికి సంగ్రామ్ పతకం ఇచ్చారు. తాత ఇంద్రధనుస్సు రిబ్బను, కొడుకు బర్మా నక్షత్రం, మనవడి పూర్వీ నక్షత్రం ఒకే పెట్టెలో ఉన్న కుటుంబం ఉంటే, ఆ పెట్టెలో ఉన్నది ఆ ఇంటి అరవై ఏళ్ళ చరిత్రే.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి పతకం ముఖాన ఉండదు, అంచున ఉంటుంది. మొదటి యుద్ధం నాటి గుండ్రటి పతకాల అంచు చుట్టూ సైనికుడి నెంబరు, హోదా, పేరు, పటాలం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చుగుద్ది ఉంటాయి. కంచు నక్షత్రానికైతే వెనుక వైపున ఉంటాయి. రెండవ యుద్ధంలో భారత సైనికులకు ఇచ్చిన వాటిలో కూడా అనేకం మీద పేర్లున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే తాత పేరు కనిపిస్తుంది. కొన్ని ఇళ్ళలో ఆయన పేరు అచ్చులో ఉన్న చోటు ప్రపంచంలో అదొక్కటే అయినా కావచ్చు.

రాతి మీద లేని పేర్లు

ఈ మాట అతిశయోక్తి కాదు. మొదటి యుద్ధంలో ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో భారత సైనికులు పెద్ద సంఖ్యలో పోరాడారు. 1914 నవంబరులో బస్రా చేరారు. కూట్ పట్టణంలో ముట్టడికి చిక్కి 1916 ఏప్రిల్ 29న లొంగిపోయిన సైన్యంలో వేలాది మంది భారతీయులున్నారు. 1917 మార్చిలో బాగ్దాదు పట్టుకున్న సైన్యంలోనూ ఉన్నారు. ఆ రంగంలో చనిపోయి సమాధి తెలియని 40,000 మందికి పైగా సైనికుల కోసం బస్రాలో పెద్ద స్మారకం కట్టారు. తెల్ల సిపాయిల పేర్లు, అధికారుల పేర్లు దాని మీద చెక్కారు. సామాన్య భారత సిపాయిల పేర్లు చెక్కలేదు. ఫలానా పటాలానికి చెందినవారు ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు.

ఈ అన్యాయాన్ని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో తన నివేదికలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆసియా, ఆఫ్రికా దేశాలకు చెందిన 45,000 నుంచి 54,000 మందిని తక్కిన వారితో సమానంగా స్మరించలేదని, మరి 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరు పెట్టి స్మరించలేదని, లేదా అసలే స్మరించలేదని ఆ నివేదిక చెప్పింది. నూరేళ్ళ తర్వాత వచ్చిన క్షమాపణ వల్ల పోయినవాడు తిరిగి రాడు. అయితే వెతకడానికి తలుపు తెరుచుకుంది. వెతకాలంటే పేరు కావాలి, నెంబరు కావాలి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. యుద్ధంలో చనిపోయిన వారి కుటుంబాలకు అప్పటి ప్రభుత్వం గుండ్రటి కంచు పలక పంపింది. దాని మీద ఒక స్త్రీమూర్తి, సింహం, చనిపోయినవాని పేరు ఉంటాయి. హోదా మాత్రం ఉండదు. త్యాగంలో పెద్దాచిన్నా లేదని చెప్పడానికే అలా చేశారు. ఇంటికి పంపిన కంచు మీద అందరూ సమానమే. ఊరు కాని ఊళ్ళో నిలిపిన రాతి మీద మాత్రం సిపాయి ఒక అంకె. అందుచేత ఆ కంచు పలక ఏ ఇంట్లో ఉన్నా అది మామూలు వస్తువు కాదు. రాయి చేయని పని అది చేసింది.

రెండవ యుద్ధం నాటికి ఈ తేడా చాలావరకు సర్దుకుంది. రంగూన్ సమీపాన తావ్‌క్యాన్ శ్మశానంలోని స్మారకం మీద బర్మా పోరులో సమాధి దొరకని సుమారు 27,000 మంది పేర్లున్నాయి. అందులో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ పేర్లను కామన్వెల్త్ సంఘం వారి జాబితాలో ఎవరైనా ఉచితంగా ఇంటర్నెట్లో వెతుక్కోవచ్చు. హైస్కూలు పిల్లవాడు సెల్‌ఫోనులో చేయగల పని ఇది. అయితే తెలుగు పేర్లను తెల్ల గుమాస్తాలు నోటికి వచ్చినట్లు రాసుకున్నారు. వెంకటస్వామి అన్న ఒక్క పేరుకే నాలుగు రకాల స్పెల్లింగులు దొరుకుతాయి. పేరు తప్పినా సైనికుడి నెంబరు తప్పదు. ఆ నెంబరు పతకం అంచు మీద, డిశ్చార్జి కాగితం మీద ఉంటుంది.

కంసాలి కుంపటి, చింతపండు పులుసు

దురదృష్టవశాత్తు ఆ అంచులే అరిగిపోతున్నాయి. పండుగ ముందు ఇత్తడి సామానుతో పాటు పతకాలను కూడా చింతపండు, బూడిద పెట్టి కొబ్బరి పీచుతో తోమే ఇళ్ళున్నాయి. భక్తితోనే చేస్తారు, కాదనలేం. కాని ఏటేటా అలా తోమితే అక్షరాలు నున్నబడి, చివరకు మెరుపు మిగులుతుంది, పేరు పోతుంది. పతకం నల్లబడితే నష్టం లేదు. పొడి గుడ్డతో మెల్లగా తుడిచి, రిబ్బను తడవకుండా నూలు గుడ్డలో చుట్టి పెట్టడమే దానికి కావలసిన సేవ.

మొదటి యుద్ధం నాటి వెండి పతకానికి మరో గండం ఉంది. అందులో సుమారు రెండున్నర తులాల వెండి ఉంటుంది. ఆడపిల్ల పెళ్ళి వచ్చినా, ఇంట్లో జబ్బు వచ్చినా, వెండి ధర పెరిగినా అది కంసాలి కుంపటిలోకి పోయేది. 1980 ప్రాంతంలో ప్రపంచమంతటా వెండి ధర ఒక్కసారిగా ఎగసినప్పుడు ఇంగ్లండులోనే ఇలాంటి పతకాలు ఎన్నో కరిగిపోయాయి. ఆకలి వేళ అమ్ముకున్న వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అవసరం లేకుండా, తెలియక అమ్మేవారికే ఈ హెచ్చరిక.

వెండికి బదులు కంచుతో చేసిన అదే పతకం కూడా కొన్ని ఇళ్ళలో ఉంటుంది. విలువ లేనిదని దాన్ని పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చేస్తారు. నిజానికి కంచు పతకాలు చాలా తక్కువగా పోశారు. కందకాలు తవ్వి, రోడ్లు వేసి, బరువులు మోసిన లేబర్ కోర్ కూలీలకు, అలాంటి వారికి ఇచ్చారవి. తుపాకి పట్టినవాడికి వెండి, పలుగు పట్టినవాడికి కంచు అన్న తేడా ఆ రోజుల్లోనే ఉంది. నేల లేని పేద ఇళ్ళ నుంచి వెళ్ళిన మనుషుల ఆనవాలు కొన్నిచోట్ల ఆ కంచు బిళ్ళే. దాన్ని పారేస్తే వారు రెండోసారి పోయినట్లే.

దొంగల భయం, దళారుల భయం కూడా ఉన్నాయి. 1945 సెప్టెంబరులో బెంగళూరు దగ్గర తొండెభావిలో తోటి సైనికులను కాపాడబోయి ప్రాణాలిచ్చిన నాయక్ కృపారామ్‌కు జార్జి క్రాస్ వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లోని పల్లెలో ఆయన భార్య దాన్ని దశాబ్దాల పాటు దాచుకుంది. 2002లో అది దొంగతనానికి గురైంది. 2009లో లండన్ వేలంపాటలో ప్రత్యక్షమైంది. సంగతి బయటపడి వేలం ఆపవలసి వచ్చింది. అంత గొప్ప పతకం కాబట్టి జాడ దొరికింది. ఊరూరా తిరిగి పాత నాణేలు, పతకాలు కొనేవారి సంచిలో పడిన మామూలు సిపాయి పతకానికి జాడ తీసేవారెవరు?

అన్నదమ్ముల పంపకాల్లో జరిగే నష్టం వేరే చెప్పాలి. పెద్దవాడికి వెండిది, నడిమివాడికి నక్షత్రం, చిన్నవాడికి ఫోటో అని పంచుకుంటారు. ఒక మనిషి సేవ మొత్తం ఆ వరుసలో ఉంది. విడగొడితే ఏ ముక్కకూ అర్థం ఉండదు. పొలం పంచుకోవచ్చు గాని, తాతను పంచుకోలేరు. ఒకరి దగ్గర ఉంచి, తక్కినవారు ఫోటోలు తీసి పెట్టుకోవడమే సబబు.

తెల్లదొరల పతకమెందుకన్న ప్రశ్న

"తెల్లవాడి సైన్యంలో పనిచేసి తెచ్చుకున్న పతకానికి ఇంత గౌరవమా?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చరాదు. 1939లో దేశ ప్రజలను అడగకుండానే బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశాన్ని యుద్ధంలోకి దింపింది. అందుకు నిరసనగా మద్రాసుతో సహా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1942లో ఒకవైపు క్విట్ ఇండియా ఉద్యమం నడుస్తుంటే మరోవైపు సైన్యంలో భర్తీ జరుగుతూనే ఉంది. అదే ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. యుద్ధం ఎక్కడో బర్మాలో కాదు, కోస్తా గడపలోకే వచ్చింది. ఆ రోజుల్లో ఒక ఊరి నుంచి ఒకడు జైలుకు, ఒకడు బారకాసులకు వెళ్ళడం వింత కాదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు జపానుకు చిక్కిన భారత సైనికుల్లో వేలాది మంది ఆ తర్వాత ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. వారి ఇళ్ళలో బర్మా నక్షత్రం లేకపోవచ్చు. ఒక ఫోటోనో, ఒక బిళ్ళో, స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కాగితమో ఉండవచ్చు. వాటికీ ఇదే మాట వర్తిస్తుంది. పతకాన్ని దాచుకోవడమంటే రాజును మెచ్చుకోవడం కాదు. ఆ మనిషి పడిన కష్టాన్ని మరిచిపోకపోవడం. అతడు ఎందుకు వెళ్ళాడు, ఏం చూశాడు, తిరిగి వచ్చాక ఏమనుకున్నాడు అన్నది ఆ ఇంటివాళ్ళు నిజాయితీగా రాసి పెట్టాలి. పొగడ్త అక్కరలేదు, దాపరికమూ అక్కరలేదు.

వెళ్ళినవాడి కథతో పాటు ఉండిపోయిన వాళ్ళ కథ కూడా రాయాలి. భర్త సముద్రం దాటితే చేను, గొడ్డు, పిల్లలు, అత్తమామల బరువంతా ఆడవాళ్ళ మీద పడింది. మనియార్డరు వచ్చే రోజు కోసం, ఉత్తరం కోసం ఎదురుచూసి, వచ్చిన ఉత్తరాన్ని ఊళ్ళో చదువు వచ్చిన వారి చేత చదివించుకున్నారు. అది కూడా మిలటరీ సెన్సారు చేతులు దాటి వచ్చిన ఉత్తరమే. వారికి ఏ ప్రభుత్వమూ పతకం ఇవ్వలేదు. పెట్టెలో ఉన్న మనియార్డరు రసీదులు, ఉత్తరాల కట్టలే వారి పతకాలు. వాటిని చెదలకు వదిలి పతకాలను మాత్రం అద్దాల బీరువాలో పెడితే సగం చరిత్రను చెరిపినట్లవుతుంది.

ఊరు పూనుకోవాలి

పంజాబులో ఏం జరిగిందో చూస్తే ఊరి వారీ లెక్కకు ఎంత బలముందో తెలుస్తుంది. మొదటి యుద్ధంలో పనిచేసిన సుమారు 3,20,000 మంది పంజాబీ సైనికుల వివరాలు ఊరి వారీగా రాసిన పాత రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో నూరేళ్ళ పాటు పడి ఉన్నాయి. 2021 నుంచి వాటిని కంప్యూటరుకెక్కించి అందరికీ అందుబాటులో ఉంచుతున్నారు. ఎక్కడో ఉన్న మనవలు తమ ఊరి పేరు కొట్టి ముత్తాతను వెతుక్కుంటున్నారు. తెలుగు జిల్లాల్లో అలాంటి రిజిస్టరు ఇళ్ళ నుంచే తయారు కావాలి. దానికి లక్షలు ఖర్చు కావు. ఒక నోటు పుస్తకం, ఒక భూతద్దం, ఓపిక ఉన్న ఒక ఉపాధ్యాయుడు చాలు.

గ్రామ పంచాయతీ, హైస్కూలు, ఊళ్ళోని మాజీ సైనికులు కలిసి ఈ పని మొదలుపెట్టవచ్చు. ఇంటింటికీ వెళ్ళి పతకం అంచు మీద ఉన్న నెంబరు, హోదా, పేరు, పటాలం ఉన్నది ఉన్నట్లు రాసుకోవాలి. స్పెల్లింగు తప్పని సరిదిద్దరాదు. ఆ తప్పే రేపు వెతుకులాటలో తాళంచెవి అవుతుంది. డిశ్చార్జి కాగితాలను, ఫోటోలను వెనుక వైపు రాతతో సహా ఫోటో తీయాలి. ఇంట్లో పెద్దవారు చెప్పే మాటలను వారి మాటల్లోనే రాసి, చెప్పినవారి పేరు, తేదీ వేయాలి. వస్తువులు మాత్రం ఎవరి ఇంట్లోవి వారి ఇంట్లోనే ఉండాలి. చూసి ఇస్తామని పట్టుకుపోయే వారికి అసలు వస్తువు ఇవ్వరాదు.

స్వాతంత్ర్యం తర్వాత పనిచేసిన వారి విషయంలో ఇంకా ఎక్కువ దారులున్నాయి. ఏ పటాలం వారి రికార్డులు ఆ పటాలం రికార్డు ఆఫీసులో ఉంటాయి. మద్రాసు రెజిమెంటు వారిది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాసు ఇంజనీర్ల గ్రూపు వారిది బెంగళూరులో ఉంది. పతకం పోయినా, పింఛను కాగితాల్లో పేరు తేడా వచ్చినా ముందుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని కలుసుకోవాలి. సైనికుడి నెంబరు చేతిలో ఉంటే ఆ పని సగం అయినట్లే. వితంతువులకు రావలసిన కుటుంబ పింఛను విషయంలో కూడా ఆ చిన్న నెంబరే ఆధారమవుతుంది. పెట్టెలోని పాత కాగితం ఉత్త జ్ఞాపకం కాదు, హక్కు పత్రం కూడా అని మరువరాదు.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం వస్తుంది. 1949 నుంచి జరుగుతున్న ఆనవాయితీ అది. ఆ రోజు బడి పిల్లల చొక్కాలకు చిన్న జెండా గుచ్చి, చందా వసూలు చేసి ఊరుకోవడం కాక, ఆ ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళిన ప్రతి మనిషి పేరూ, కూలీతో సహా, ప్రార్థన సమయంలో పైకి చదివిస్తే బాగుంటుంది. జాబితా తయారు కాని ఊరు ఈ ఏడాదే తయారు చేసుకోవాలి. వచ్చే ఏడాదికి చెప్పేవారు ఉండకపోవచ్చు.

బస్రా రాతి మీద అంకెగా మిగిలిన మనిషికి సొంత ఊళ్ళోనైనా పేరు ఉండాలి. ఆ పేరు ఇప్పటికీ ట్రంకు పెట్టె అడుగున, పతకం అంచున, చదివేవారి కోసం ఎదురుచూస్తున్నది. పెట్టె తెరవడం, చదవడం, రాసి పెట్టడం ఆ ఇంటివారి వంతు. ఆ రాతను పదికాలాల పాటు కాపాడడం ఊరి వంతు.